సీసం పొయ్యిని గడప దాటించిన టీచరమ్మ

మొన్న శుక్రవారం పొద్దున్న మా పేట అంగన్‌వాడీ టీచరమ్మ పోయారు. నిద్రలోనే పోయారట. ఆవిడ కోడలు ఫోన్ చేసేసరికి నేను ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు వలకు సీసం గుళ్లు కడుతున్నాను. తాడు అక్కడే వదిలేసి వచ్చేశాను. బోటు నడిపే సరంగు వెనకనుంచి కేకలు వేస్తున్నాడు, నాకు ఏమీ ఎక్కలేదు.

రిటైరై ఆరేళ్లయినా ఆవిణ్ణి పేటలో ఎవరూ పేరుతో పిలవలేదు. ఎలమంచిలి దగ్గర రైతుల ఇంటినుంచి కోడలిగా వచ్చిన మనిషి. మొదట్లో మా వీధిలో నడిస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవారట. తర్వాత తర్వాత వాసన చూసి ఏ ఇంట్లో ఏ చేప ఉడుకుతోందో చెప్పేవారు. సముద్రం ఎదురుగా నలభై ఏళ్ల పైన బతికి కూడా మోకాలి లోతు నీళ్లలో దిగి ఎరగరు. ఆవిడ నోటికి మాత్రం మా పేటలో కొమ్ములు తిరిగినవాళ్లు కూడా జడిసేవారు. పిల్లలు సెంటర్‌కి రాగానే ముఖాలు కాదు, గోళ్లు చూసేవారు. “ఈ గోళ్లలో మట్టికి మడి కట్టి ఉల్లినారు పోయొచ్చే” అంటూ పట్టుకుని కత్తిరించేవారు.

పిల్లల బుర్ర చూడటానికి ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. మూడు పనులు ఒకేసారి చెప్పేవారు. “గరిటి తే, తలుపు మూయ్, ఆయమ్మని కేకెయ్.” చాలామంది పిల్లలు పరుగెత్తి మూడూ చేసి వచ్చేవారు. మా పెద్దమ్మాయి గరిటె తెచ్చి, దాన్ని పట్టుకుని అలా నిలబడిపోయేది. మిగతా రెండూ ఎక్కడికి పోయాయో దానికీ తెలియదు. “ఏటే మొద్దూ” అనేవారు టీచరమ్మ. నేను మాటతో ఆగేవాణ్ణి కాదు. పలక మీద నిన్న దిద్దిన అక్షరం ఇవాళ మరిచిపోయిందని, బద్ధకమని, దాని వీపు మీద కొట్టేవాణ్ణి. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇది దాచి ఆవిడ గొప్పతనం ఒక్కటే రాస్తే అది దొంగ కన్నీరు అవుతుంది.

మాది తాత నాటినుంచి గుళ్లు పోసే ఇల్లు. పాత బ్యాటరీల సీసం ఇనప మూకుడులో కరిగించి అచ్చుల్లో పోసి, వలలకు కట్టే గుళ్లు చేస్తాం. ఎండాకాలం అరుగు మీద, వానాకాలం వంటింట్లో. కరిగిన సీసం వెండిలా మెరుస్తుంది. మా పెద్దమ్మాయి బువ్వ గిన్నె పట్టుకుని ఆ పొయ్యి పక్కనే కూర్చునేది. అది చూసి నాకు మురిపెం కూడాను. అంతటితో అయిపోలేదు. మా ఇంట్లో బిడ్డ పుడితే బారసాల నాడు మొలతాడుకి ఒక సీసం గుండు కడతారు. “గుండుంటేనే వల నిలుస్తాది, గుండుంటేనే బిడ్డ నిలుస్తాది” అని మా అమ్మ మాట. పళ్లు వచ్చే రోజుల్లో మా పెద్దది ఆ గుండునే చప్పరిస్తూ ఆడుకుంది.

దానికి ఐదేళ్లప్పుడు కడుపునొప్పి పట్టుకుంది. నులిపురుగులన్నాం. వాము నీళ్లు పట్టి చూశాం. తగ్గకపోతే టీచరమ్మే మా ఆవిణ్ణి, పిల్లని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లారు. ఇంట్లో ఏం పని చేస్తారని డాక్టరమ్మ అడిగి, నెత్తురు పరీక్ష రాశారట. ఫలితం వచ్చిన సాయంత్రం టీచరమ్మ తిన్నగా మా అరుగు మీదకి వచ్చారు. తిడతారనుకున్నాను. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“తమ్ముడా, నువ్వూ నానూ కలిసి ఈ గుంటకి అన్నేయం సేసినాం. ఇది మొద్దూ కాదు, బద్దకమూ కాదు. దాని నెత్తుట్లో సీసం ఉంది. ఎదిగే బుర్రని అది ఎదగనియ్యదంట. పెద్దోళ్ల కంటే పిల్లలకే జోరుగా ఎక్కుతాదంట.”

నాకు కోపం వచ్చింది. “మా తాత సేసినాడు, మా నాన్న సేసినాడు. మాకేటయిపోనాది?”

“బుర్రలోది సిన్నప్పుడే పోతే, పోనాదని నీకెలా తెలుస్తాది తమ్ముడా?”

నేను ఐదో తరగతిలో ఎక్కాలు రాక బడి మానేసినవాణ్ణి.

అప్పటికి మా ఆవిడకి ఐదో నెల. తల్లి ఒంట్లోది కడుపులో బిడ్డకి కూడా పోతుందని డాక్టరమ్మ అన్నారని టీచరమ్మ ఎంత చెప్పినా నేను పొయ్యి తీయలేదు. అప్పుడు ఆవిడ ఏం చేశారంటే, సెంటర్ మూసేశాక వచ్చి మా గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టారు. పోట్లాట లేదు, ఉపన్యాసం లేదు. రెండు రోజులు అలాగే. గడప మీద ఆడమనిషి కూర్చుంటే మూకుడు, సీసం లోపలికీ బయటికీ మోస్తూ ఎలా దాటను? మూడో రోజు విసుగెత్తి సామానంతా మోసుకెళ్లి, ఇళ్లకి దూరంగా ఒడ్డున రేకుల షెడ్డు వేసుకున్నాను. ఆవిడ చిక్కుళ్లు కొంగులో మూటగట్టుకుని లేచి, “కూరకి సరిపోనాయి” అన్నారు.

ఆ తర్వాత ఆవిడ పోరు పడలేకపోయాం. పనిబట్టలు షెడ్డులోనే విప్పాలి. స్నానం చేశాకే పిల్లని ముట్టుకోవాలి. చీపురుతో దుమ్ము లేపకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఖాళీ కడుపున సీసం ఇంకా ఎక్కువ ఎక్కుతుందట, పిల్లకి వేళకి బువ్వ పెట్టాలి. దారిలో ఎదురైతే పలకరింపు కంటే ముందు నా చేతులు తిప్పి చూసేవారు. నలుగురిలో అలా చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టు ఉండేది. మా వీధిలో మిగతా పొయ్యిలు కూడా ఏడాదిలో ఒక్కొక్కటే ఒడ్డుకి చేరాయి.

రెండోది పుట్టింది. బారసాల నాడు మా అమ్మ గుండు తెచ్చి మొలతాడుకి ఎక్కిస్తోంది. టీచరమ్మ వెళ్లి అమ్మ పక్కన చతికిలబడి, అక్కని పిలిచినట్టు పిలిచారు. “అప్పా, గుండు కడితే వల మునుగుతాది. మన బిడ్డ మునగాలేటి?” అమ్మ చెయ్యి ఆగింది. గుండు తీసి రొంటిన దోపుకుంది. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వంజరం చేప పులుసు పంపింది.

ఆ బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ద్వారకా నగర్ కోచింగ్‌కి బస్సులో ఒక్కతే వెళ్లి వస్తుంది. పెద్దది పదో తరగతి దాటలేదు. టీచరమ్మ దాన్ని ఏళ్ల తరబడి సాయంత్రాలు తన దగ్గర కూర్చోబెట్టుకున్నారు. మూడు పనులు చెప్పడం మానేసి, ఒకటి చెప్పి, అది అయ్యాక ఇంకొకటి చెప్పేవారు. ఆ ఓపిక వల్లే అది ఇవాళ వల చిరుగులు కుట్టగలుగుతోంది, చదవడం రాయడం వచ్చు. ఆ రుణం నేను తీర్చలేను.

ఆవిడ నన్ను అడిగిందల్లా ఒక్కటే. “పెద్దదానికి సెప్పినావేటి?” అని. “పోయింది తెచ్చియ్యలేం. నిందయినా దించు. నాను నా మొద్దుమాటకి దాన్ని సెమించమని అడిగీసినాను. మిగతాది నువ్వే సెప్పాలి.” ఇదిగో అదిగో అంటూ పదిహేనేళ్లు గడిపాను. కూతురు నన్ను ఎలా చూస్తుందోనని భయం. పోయిన నెల మంచం మీదనుంచి కూడా అడిగారు. బోటుకి టైమైందని లేచి వచ్చేశాను.

దహనం అయ్యి ఇంటికి వచ్చాక, పెరట్లో కుళాయి దగ్గర పెద్దమ్మాయి ఒక్కతే ఉంది. అన్నీ చెప్పాను. పొయ్యి, గుండు, నెత్తురు పరీక్ష, నేను కొట్టిన దెబ్బలు. తప్పు నాదని చెప్పాను.

“అయితే నాను బద్దకమ్మనిషిని కాదా నాన్నా?”

“కాదమ్మా. ఎప్పుడూ కాదు.”

“రేత్రిళ్లు కూడా ఎంతలా సదివీదాన్నో” అంది. అని కుళాయి తిప్పి, దోసిళ్లతో ముఖం మీద నీళ్లు కొట్టుకుంటూ ఉండిపోయింది. మా పేటకి నీళ్లు వచ్చేది గంటసేపే, బిందెలన్నీ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. నేను కట్టెయ్యమనలేదు.