పుప్పాలగూడ అని పలికిన పిల్లలు

నేను జరిపిన మొదటి హాలోవీన్‌కు గుమ్మడికాయ కొయ్యడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆడిపిల్లలు నిండు గుమ్మడికాయ కొయ్యద్దు బిడ్డా, ఇంటికి మంచిది గాదు," అని కత్తి తీసి ఎక్కడో దాచేసింది. అరగంటలో నా ఆన్‌లైన్ క్లాసు. చేసేదేమీ లేక కాయ మీదే నల్ల మార్కర్‌తో కళ్లు, ముక్కు, కోరలు గీసి కంప్యూటర్ పక్కన పెట్టుకున్నాను. వియత్నాంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్టణంలో, చిన్న ఇంగ్లీషు సెంటరులో కూర్చున్న పన్నెండుమంది పిల్లలు గోడ మీది పెద్ద తెరలో దాన్ని చూసి "పంప్‌కిన్!" అని అరిచారు. అందరూ ఆరేడేళ్ల వాళ్లు. ఆ దయ్యాల పండుగ వాళ్లదీ కాదు, నాదీ కాదు. పాఠంలో ఉంది కాబట్టి జరిపాం.

మాది హైదరాబాద్ అంచున పుప్పాలగూడ. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదివాను. డిగ్రీ అయ్యాక మాదాపూర్‌లో కాల్ సెంటర్‌లో చేసిన నాలుగేళ్లలో ఇంగ్లీషు నాలుకకు పట్టుబడింది. చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పే కోర్సు ఒకటి చదివి, విదేశాల సెంటర్లకు ఆన్‌లైన్ టీచర్లను కుదిర్చే ఒక ఆఫీసుకు వెళ్లాను. అదీ మాదాపూర్‌లోనే. అక్కడి కోఆర్డినేటర్ గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు. నా చేత పది నిమిషాలు పాఠం చెప్పించుకుని తల ఊపాడు.

"చాలా బాగా చెప్పారండి. ఒక్క మాట మాత్రం. మీ వెనక తెల్ల కర్టెన్ కట్టుకోండి. దేవుడి పటాలూ, క్యాలెండర్లూ కనపడకూడదు. ఏ ఊరని పిల్లలు అడిగితే నవ్వేసి పాఠంలోకి వెళ్లిపోండి."

"ఎందుకండీ?"

"టీచరు ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో చెబుతోందని తల్లిదండ్రులు అనుకోవాలని సెంటరు వాళ్ల ఆశ. మనం అబద్ధం చెప్పక్కర్లేదండి. నిజం చెప్పకుండా ఉంటే చాలు."

నాకు ఆ పని కావాలి. సరేనన్నాను. ఇంటికి పోతూ పోతూ తెల్లబట్ట కొన్నాను.

మా ఇంట్లో ముందుగది ఒక్కటే కాస్త పెద్దది. దాన్ని కర్టెన్‌తో రెండు చేశాను. ఇటు నేను, నా కంప్యూటరు. అటు అమ్మ, ఆమె సంసారం. అమ్మ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో తోటపని చేస్తుంది. మూడున్నరకు వచ్చేస్తుంది. నా క్లాసు నాలుగింటికి. అక్కడ అప్పటికి అయిదున్నర. ఆ గంటసేపు అమ్మ దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. గిన్నె జారితే నాకంటే ముందు ఆమే ఉలిక్కిపడేది.

క్రిస్మస్‌కు ఎర్రటోపీ పెట్టుకున్నాను. కెమెరా ముందు దూది చల్లి మంచు గురించి చెప్పాను. మంచు నేనూ చూడలేదు, వాళ్లూ చూడలేదు. ఈస్టర్‌కు కోడిగుడ్లకు రంగులు వేస్తే, ఆ రాత్రి అమ్మ వాటిని పులుసు పెట్టింది. తరగతిలో పిల్లల పక్కన ఉండే అక్కడి టీచరమ్మ, నవ్వుముఖం అమ్మాయి, ప్రతి పండుగకూ గది అలంకరించేది. నేను నేర్పిన వాక్యాలన్నీ పిల్లలు పొల్లు పోకుండా అప్పజెప్పేవారు. ఎలా ఉన్నారంటే బాగున్నాం, మీరెలా ఉన్నారు అని ఒక్క గొంతుతో పాడేవారు. అంతే. దాదాపు ఏడాది గడిచినా ఒక్క పిల్ల గానీ, పిల్లవాడు గానీ నన్ను సొంతంగా ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్ల నోట్లో ఉన్నది పాఠమే గానీ మాట కాదని నాకు తెలుసు. తప్పు ఎక్కడుందో మాత్రం తెలియలేదు.

ఆ ఏడు బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, క్లాసు రోజునే పడింది. సెలవు అడిగితే కోఆర్డినేటర్ నొచ్చుకుంటూనే కాదన్నాడు. "మన పండగలు వాళ్ల క్యాలెండర్లో ఉండవు కదండీ."

అమ్మ నాలుగు రోజుల నుంచి పూల వేటలో ఉంది. తను పనిచేసే అపార్ట్‌మెంట్ వెనక ఇంకా పునాది తియ్యని జాగాలో తంగేడు దొరికింది. గునుగుపూలకు ఎరుపు, నీలం రంగులు అద్ది ఆరబెట్టింది. పండుగనాడు సగం పూటే పనికి పోయి వచ్చి, కర్టెన్‌కు అటువైపు తాంబాళం ముందు కూర్చుంది. నేను ఇటువైపు క్లాసు మొదలుపెట్టాను. ఆనాటి పాఠం 'ఎరౌండ్'. కుర్చీ చుట్టూ కుక్కపిల్ల తిరుగుతున్న బొమ్మ.

పది నిమిషాలకు మా గల్లీలో స్పీకర్ పెట్టెలు మోగాయి. కిటికీ అద్దం అదిరింది. డప్పు కూడా తోడైంది. మైకు ఆపేలోపే ఆ మోత సముద్రం దాటిపోయింది. తెరలో పన్నెండు తలలు ఒక్కసారి పైకి లేచాయి. రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"టీచర్, వాటీజ్ దట్?"

దాదాపు ఏడాదిలో మొదటి ప్రశ్న. నేనేమో అలవాటుగా నవ్వి, "నథింగ్," అన్నాను.

ఆ పిల్ల కూర్చోలేదు. చెవి తెర వైపు పెట్టి విని, నన్ను సూటిగా చూసి తల అడ్డంగా ఊపింది. "నో. సంథింగ్."

ఆ జవాబు ఆమెకు నేను నేర్పిన పాఠంలోది కాదు. తనకు కావాలి కాబట్టి వెతుక్కుని తెచ్చుకుంది. నేనింక ఆలోచించలేదు. లేచి కర్టెన్ పక్కకు లాగేశాను.

మెట్టుమెట్టుగా లేచిన బతుకమ్మ, పసుపు తంగేడు, ఎర్ర గునుగు, బంతి వరసలతో తెరనిండా కనిపించింది. దాని వెనక పూలమధ్య అమ్మ. "అయ్యో, గిదేంది! చీర గూడ మార్చుకోలే," అని కొంగు సర్దుకుంది.

అటువైపు కుర్చీలు వెనక్కి పడ్డాయి. పిల్లలంతా తెర దగ్గరికి పరిగెత్తారు. ఆమె ఎవరు? మీ అమ్మా? ఏం చేస్తోంది? పువ్వులెందుకు? పెద్దగా ఉందెందుకు? వ్యాకరణం సగం ఊడిపోయిన ఇంగ్లీషులో, ఒకరి మాట మీద ఒకరు. నేను ఒకరికి చెప్పేలోపు నలుగురు అడుగుతున్నారు.

"ఏమంటున్రు బిడ్డా పోరలు?" అంది అమ్మ.

"తినొచ్చా అని అడుగుతున్నరే."

అమ్మ పకపకా నవ్వింది. నైవేద్యపు సద్దుల గిన్నెలోంచి, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద తీసి కెమెరాకు చూపించింది. "పూలు గాదురా, గిది తినాలె!" నేను ఇంగ్లీషులో చెప్పకముందే వాళ్లకు అర్థమైపోయింది. నోళ్లు తెరిచి నిలబడ్డారు.

అక్కడి టీచరమ్మ నన్నేమీ అడగకుండా బల్లలు గోడకు జరిపి, కిటికీలోని పూలకుండీ తెచ్చి గది నడుమ పెట్టింది. అమ్మ లేచి నడుం వంచి చప్పట్లు కొట్టి, అడుగు వేసి చూపించింది. నేను చెబుతూ పోయాను. క్లాప్. బెండ్. స్టెప్. గో ఎరౌండ్. పన్నెండుమంది పిల్లలు కుండీ చుట్టూ తిరిగారు. ఎడమకు పోవాల్సినవాళ్లు కుడికి పోయారు, ఒకరికొకరు గుద్దుకున్నారు, ఆగితే "అగైన్!" అన్నారు. మా గల్లీ పాటే వాళ్లకూ పాట.

ఆయాసపడుతూ ఆ రెండు జడల పిల్ల మళ్లీ వచ్చింది. "టీచర్, వేర్ ఈజ్ యువర్ హౌస్?"

నేను కెమెరాలోకి చూసి చెప్పాను. ఇండియా. హైదరాబాద్. పుప్పాలగూడ.

"పుప్-పా-ల-గు-దా!" వాళ్ల భాషలో మాటలకు రాగం ఉంటుంది. మా ఊరి పేరును ఒక్కొక్కరు ఒక్కో రాగంలో పాడారు. విని అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మర్నాడు పొద్దున కోఆర్డినేటర్ ఫోను. "మేడమ్, ఏం చేశారండీ నిన్న? సెంటరు హెడ్ మీతో మాట్లాడాలట. పదింటికి లైన్లోకి రండి." గొంతు భయంగా ఉంది. అమ్మ పనికి పోకుండా పక్కనే కూర్చుంది. "ఫికర్ చెయ్యకు. దొంగతనం జెయ్యలే గద," అంది.

సెంటరు హెడ్ యాభై ఏళ్ల పెద్దావిడ. ఇంగ్లీషు నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడుతుంది. టీచరుది ఇండియా అని తెలిసి ఒక తండ్రి తన బిడ్డను మాన్పించాడని ముందే చెప్పింది. నేను తలదించుకున్నాను. ఆవిడ ఆగలేదు. మిగతా ఇళ్ల నుంచి వీడియోలు వచ్చాయంది. పిల్లలు రాత్రి భోజనాల దగ్గర తాతలనూ నాయనమ్మలనూ నిలబెట్టి క్లాప్, బెండ్, స్టెప్ అంటూ ఆడించారట. ఇంట్లో ఇంగ్లీషు నోరెత్తి మాట్లాడటం ఇదే మొదటిసారట. ఇలాంటి క్లాసు మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారట.

"మీ ఊరు దాచమన్నది నేనే," అందావిడ. "తల్లిదండ్రులకు భయపడ్డాను. నాది పొరపాటు. ఇక నుంచి సెంటరులో పండుగ పాఠాలన్నీ మీరే తయారుచెయ్యండి. ఏవి ఉండాలో మీరే చెప్పండి."

ఫోను పెట్టాక అమ్మకు చెప్పాను. ఆమె వంటింట్లోకి పోయి కావాలనే కాసేపు గిన్నెలతో గట్టిగా చప్పుడు చేసింది.

వాళ్ల వెన్నెల పండుగ పాఠం నాకు పిల్లలే చెప్పారు. చేపల్లా, నక్షత్రాల్లా ఉన్న కాగితపు లాంతర్లు చూపించి, పండుగ పేరు నాతో పలికించారు. నేను ఏడుసార్లు తప్పు పలికాను. "లిజన్ కేర్‌ఫుల్లీ, టీచర్," అని వాళ్లు నన్ను గద్దించారు. అంత చక్కటి ఇంగ్లీషు నేను అంతవరకూ వినలేదు.

మరుసటి ఏడు సద్దులనాడు సెంటరు వాళ్లే క్లాసును మా టైము ప్రకారం సాయంత్రం అయిదున్నరకు జరిపారు. తల్లిదండ్రులు కూడా వస్తామన్నారు. నేను కంప్యూటరును గల్లీలోకి తెచ్చి, బతుకమ్మల పక్కన ఎత్తు స్టూలు మీద పెట్టాను. తెరలో వాళ్ల గది. నడుమ తామరపూలు, బంతిపూలతో వాళ్లు పేర్చుకున్న బతుకమ్మ. కాస్త ఒరిగింది గానీ నిలబడింది.

ఇక్కడ ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. అక్కడ పిల్లలు, వాళ్ల వెనక తల్లులు, ఒక తాత కూడా, చప్పట్లు కొడుతూ కదిలారు. పక్కింటి పెద్దమ్మ ఆట ఆపి కళ్లు చిట్లించి తెరలోకి చూసింది.

"ఎవలే గీ పోరగాండ్లు? అడుగు తప్పుతలేరు సూడు!"

"మా పిల్లలు పెద్దమ్మా," అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టి వరసలోకి లాగింది.