బూటులో తాళంచెవి

ఆ రోజు పొద్దున బాబాయి ఇంట్లో బీరువా తాళంచెవి కనిపించకుండా పోయింది. పిన్ని పిండి డబ్బాలు బోర్లించింది, దిండు గలీబులు విప్పింది, చివరికి కోడలి హ్యాండుబ్యాగుకేసి ఒక చూపు చూసింది. కోడలు మూతి ముడుచుకుంది. ఇంటిపెద్దగా బాబాయి బడి బస్సు తోలడానికి వెళ్ళేముందొకసారి, వచ్చాకొకసారి ఇల్లంతా కలయదిరిగి, "ఈ ఇంట్లో ఒక్కరికీ ఒంటిమీద స్పృహ లేదు!" అని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత బూటు విప్పితే తాళంచెవి ఠంగుమని కిందపడింది. పొద్దుటినుంచీ ఆయన పాదం కిందే ఉంది.

అందరూ పడీ పడీ నవ్వారు. పిన్ని ఆ నవ్వుతోనే బావగారి కూతురికి ఫోను చేసి చెప్పింది. "బాబాయిని నడవనివ్వకు పిన్నీ, వస్తున్నా," అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ అమ్మాయి ఆసుపత్రిలో పుళ్ళకు కట్లు కట్టే నర్సు. షుగరున్నవాళ్ళ అరికాళ్ళు చూడటానికి సంచిలో చిన్న అద్దం వేసుకు తిరుగుతుంది కాబట్టి అందరికీ అద్దం సిస్టరు. ఆమె గుమ్మంలో కనబడగానే చుట్టాలు కాళ్ళు మడిచి కూర్చుంటారు. "ముందు మొహం చూసి పలకరించవే తల్లీ!" అని వేళాకోళం చేస్తారు.

ఆరోజు బాబాయి ఇంటికి వస్తూనే అద్దం తీసింది.

"కాలు చూపించు బాబాయ్."

"నొప్పేం లేదే అమ్మాయ్."

నాన్నదీ అదే మాట, అదే గొంతు. అన్నదమ్ములవి పాదాలు కూడా ఒకే అచ్చు, బొటనవేలికన్నా పక్కవేలు పొడుగు. అద్దంలో ఆమెకు కనిపించింది నాన్న కాలు. ఆ కాలు ఈ లోకంలో లేక చాలా ఏళ్ళయింది.

అప్పుడామె ఉద్యోగానికి కొత్త. పుండు వాసనకు సిగ్గుపడి నాన్న కాలు వెనక్కి లాక్కునేవాడు. ఆయన మొహం చూడలేక ఆమె పైపైన చీము దూదిపుల్లకు అద్ది ల్యాబుకు పంపేసింది. పైనున్న క్రిములకే మందు పడింది. అడుగునున్నవి నింపాదిగా దారి చేసుకున్నాయి. డాక్టరు సన్నటి స్టీలు పుల్ల లోపలికి పోనిస్తే ఎముకకు తగిలి టక్కుమంది. క్రిములు ఎముకదాకా పోయాయని మోకాలి కిందికి కాలు తీసేశారు. తర్వాత కూడా నాన్న రెండు బూట్లకీ పాలిష్ పెట్టేవాడు. ఇప్పటికీ గిన్నె అడుగున గరిటె టక్కుమంటే ఆమెకు ముద్ద దిగదు.

బాబాయి బొటనవేలి మొదట్లో కాయ కట్టిన చర్మం ఉంది. షుగరుతో స్పర్శ పోయిన కాలికి తెలియకుండా దాని కింద పుండు ఎప్పటినుంచో గుట్టుగా కాపురం చేస్తోంది. తాళంచెవి దాని తలుపు తెరిచింది, అంతే. ఎరుపు మడమవైపు పాకుతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చచ్చిన చర్మం కోసి, పుండు కడిగింది. సిస్టరు కాలు పట్టుకుంది.

"వాసనొస్తోందే, నువ్వు అవతలికి పో," అంటూ బాబాయి కాలు లాక్కోబోయాడు.

"రానీ బాబాయ్." ఈసారి వదల్లేదు.

డాక్టరమ్మ పుండు అడుగునుంచి చిన్న కండముక్క తీసి సీసాలో వేసింది. తర్వాత స్టీలు పుల్ల అందుకుంది. సిస్టరుకు ఫ్యాను చప్పుడు, వరండాలో బండి చక్రాల కీచుశబ్దం వినిపిస్తున్నాయి. పుల్ల దిగింది. మెత్తగా ఆగింది. డాక్టరమ్మ మళ్ళీ పోనిచ్చి చూసింది.

"ఎముక తగల్లేదు. అయినా ఎక్స్‌రే తీద్దాం."

ఎక్స్‌రేలోనూ ఎముక బాగానే ఉంది. ముందు ఒక మందు మొదలుపెట్టారు. ల్యాబునుంచి క్రిమి ఏదో తేలాక దానికి సరిపడే మందుకు మార్చారు. బాబాయి బస్సు మానాడు, కాలు నేలకు ఆనించడం మానాడు, పిన్ని చాటున తీపి తినడం మాత్రం చివరగా మానాడు. పుండు అడుగునుంచి పైకి నెమ్మదిగా పూడింది.

బాబాయి మళ్ళీ బస్సెక్కాడు. సిస్టరు మాత్రం రోజూ డ్యూటీకి పోతూ ఆ గుమ్మంలో ఆగుతుంది. బూట్లు బోర్లించి కొడుతుంది, లోపల చెయ్యిపెట్టి తడుముతుంది. ఏమీ రాలకపోయినా ఇంకోసారి కొట్టి, చెవి ఒగ్గి వింటుంది.

ఒకరోజు బాబాయికి చిర్రెత్తుకొచ్చింది. "నేనేమన్నా పాలుతాగే పిల్లాణ్ణా? ఎన్నాళ్ళే నా బూట్లిలా తడుముతావు?"

"నీ కాలు నీతో మళ్ళీ మాట్లాడేదాకా, బాబాయ్."