రంగునీళ్లు తిన్న గోడను పట్టుకుని నస్పూర్‌కు

కరీంనగర్ శివారులో మా చిన్న కూతురు సుజాతకు నూలుకు రంగు వేసే షెడ్డు ఉంది. వాడేసిన రంగునీళ్లు నిలిచే సిమెంటు తొట్టి రెండేళ్లలో రెండుసార్లు కారింది. ఈసారి పక్కింటి షాహీన్ వాళ్ల తాగునీటి బావి ఎర్రబడింది. పాత తొట్టి కూలగొట్టించాం. ఎల్లుండి ఎనిమిదికి కొత్తది మొదలుపెడతానని, సిమెంటు రెట్టింపు కలిపితే చాలని మేస్త్రీ మల్లేశం అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. గనుల నీటి తొట్లు కట్టి రిటైరైన రాజమల్లు నస్పూర్‌లో ఉన్నాడని తెలిసి, గోడ పెచ్చొకటి మూటకట్టుకుని బయల్దేరాను.

మర్నాడు ఉదయం ఆరుంబావుకు మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా రెండు గంటలకు పైనే పడుతుంది. పెద్దపల్లిలో బస్సు పావుగంట ఆగితే కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. గోదావరి దాటాక దిగి ఆటో మాట్లాడుకున్నాను, ముప్పై రూపాయలు.

"గా మూటల ఏముంది పెద్దమ్మా, బంగారమా?" అన్నాడు డ్రైవరు.

"గోడ."

"గోడనా?" అని వెనక్కి తిరిగాడు. ముందు రోడ్డు చూడమన్నాను.

రాజమల్లు పెచ్చును గోటితో గీకాడు. పిండిలా రాలింది. "సిమెంటు తక్కువై కాదక్కా, నీళ్లు ఎక్కువై పోయింది. కలిపేటప్పుడు జారుగ ఉండాలని పోస్తరు. గా నీళ్లు ఇగిరినంక సందులు మిగుల్తయి. రంగునీళ్లల్ల ఉప్పు గా సందులకెల్లే లోపటికి పోయి గోడను పలగ్గొడ్తది."

"మరి ఏం చేయాలి?"

"ఫ్యాక్టరీలనే బొగ్గు బూడిద కలిపిన సిమెంటు తీసుకోండ్రి. నీళ్లు తక్కువ పొయ్యుండ్రి. గది మెల్లగ గట్టిపడ్తది, మూడు వారాలన్న తడి ఆరొద్దు. నెల దాక రంగునీళ్లు తగలొద్దు. మీరెన్ని దినాలు తడిపిండ్రు?"

"నాలుగు. అయిదో రోజు రంగునీళ్లు వదిలాం."

"ఎవలు చెప్పిండ్రు?"

"నేనే. షెడ్డు ఖాళీగా ఉండకూడదని."

చాయ్ తెచ్చిన ఆయన భార్య నవ్వింది. "పెరుగు తోడుకోకముందే చిలికినవా అక్కా?"

చాయ్ సగంలో వదిలి సుజాతకు ఫోన్ చేశాను. రేపటి పని ఆపించి ఆ సిమెంటు వచ్చాకే మొదలుపెట్టించమన్నాను, కట్టాక నెల దాకా రంగునీళ్లు వదలొద్దన్నాను.

"నెల దినాలు బందా అమ్మా? ఆర్డర్ పోతది గదా."

"పోనీ."

తిరుగు బస్సు ప్రతి స్టేజీలో ఆగుతున్నట్టే అనిపించింది. మూడింటికి దిగి, ఇంటికి పోకుండా షాహీన్ గుమ్మం ముందు నిలబడ్డాను. తొందరపెట్టింది మేస్త్రీ కాదు, నేనని చెప్పాను.

"మంచిదే అమ్మా. మరి బావి బాగయ్యేదాంక మేం ఏం తాగాలె?"

"మా బోరు నీళ్లు రోజూ ఉదయం తెచ్చిస్తాను."

"మీరే మోస్తరా?"

"నేనే."

రెండేళ్లుగా తప్పంతా మల్లేశం చేతిలోనే ఉందనుకుని అతణ్ని ఎన్ని మాటలన్నానో గుర్తుంది. గోడకు గట్టిపడే వ్యవధి ఇవ్వనిది నేను. ఇలాంటి పని మీద పోయేవాళ్లకు ఒకటే మాట: పెచ్చుతో పాటు ఎన్ని రోజులు తడిపారో, ఎప్పుడు వాడకం మొదలుపెట్టారో దాచకుండా రాసుకుని వెళ్లండి. పెచ్చు చూసి ఎంత తెలిసిన మేస్త్రీ అయినా సగమే చెప్పగలడు.