ఇంజిన్ చప్పుడు వినే మనిషి

ఖమ్మంలో మెకానిక్ షుకూర్ ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. చెవి షుకూర్ అంటే మాత్రం టీకొట్టువాడు కూడా చెయ్యెత్తి దారి చూపిస్తాడు. ఖానాపురం హవేలి పోయే దారిలో ఆయన రేకుల షెడ్డు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపు షెడ్డులో ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే ఎంతటివాడినైనా బయటికి సాగనంపుతాడు. ముప్పయ్యేళ్లుగా ఆ షెడ్డులో నడుస్తున్న చట్టం అదొక్కటే.

అలాంటి మనిషికి రెండేళ్లుగా సన్నని శబ్దాలు వినిపించడం లేదు. మాటలు వినిపిస్తాయి, లారీ హారన్ వినిపిస్తుంది. కుక్కర్ కూత వినిపించదు, భార్య సకీనా గాజుల చప్పుడు వినిపించదు. పప్పు మాడిన రోజు "పక్కనే కూసోని ఏం చేస్తున్నవ్?" అని సకీనా అరిస్తే, పరధ్యానం అని తప్పించుకున్నాడు. దవాఖానాకు పోలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆయన భయం. స్క్రూడ్రైవర్‌ను చెవికి పెట్టుకోవడం మానలేదు గానీ, వినేదంతా చేత్తోనే. పిడిలో అదురును బట్టి ఏ సిలిండర్ సరిగా కొట్టడం లేదో చెప్పేసేవాడు. పని నడిచింది. నడిచింది కాబట్టి ధైర్యం పెరిగింది. ఆ ధైర్యమే కొంప ముంచబోయింది.

బలరాంది జూలూరుపాడు దగ్గర తండా. కరెంటాఫీసులో ఉద్యోగం. భార్య కళ్యాణి అంగన్‌వాడీ టీచరు. సెలవొస్తే ఎవరైనా మొగుడూ పెళ్లాం సినిమాకు పోతారు, చుట్టాలింటికి పోతారు. వీళ్లిద్దరూ మాత్రం జీపుల బురద పందేలకు పోతారు. ఆయన బండి నడిపితే ఈమె పక్కన కూర్చుని దారి చెబుతుంది. ఈసారి పాత జిప్సీకి టర్బో బిగించుకుని వచ్చారు. ఇంజిన్‌లోకి గాలి కుక్కే యంత్రం అది. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి, నిప్పురవ్వ పడే వేళ మారాలి. ఆ లెక్క చూడటానికి ఏం పెట్టాలన్నదే ప్రశ్న. బలం రెట్టింపు కావాలట, ఇంజిన్‌కు మాత్రం ఈగ వాలకూడదట. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ గుండులా ఉండాలి!

షుకూర్ కూతురు ఆరిఫా కార్ల సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు కాబట్టి షెడ్డులోనే ఉంది.

"మూడు తీర్లు చేయొచ్చు అన్నా," అంది బలరాంతో. "బండితోని వచ్చిన కంప్యూటర్లనే లెక్కలు మార్పియ్యొచ్చు. గని అది పాతది, టర్బో అనేది ఒకటుంటదని దానికి తెల్వనే తెల్వదు. రెండోది, నడుమ చిన్న డబ్బా పెట్టి దాన్ని మాయ చేసుడు. డబ్బాకు మీటలుంటయి, చప్పుడు వినుకుంట తిప్పాలె. మూడోది, కంప్యూటరే కొత్తది పెట్టుడు. దాంతోని ఇంజిన్‌కు ఒక సెన్సార్ వస్తది. లోపల మంట అదుపు తప్పి టకటక కొట్టిందనుకో, అదే పసిగట్టి బలం తగ్గిస్తది. మనకు లాప్‌టాప్‌ల చూపిస్తది."

"అంటే మిషను చెవా?" షుకూర్ గొంతు లేచింది. "మరి నేను ముప్పై ఏండ్ల సంది గుడ్డి గుర్రాలకు పండ్లు తోముతున్ననా?"

"అట్ల కాదు అబ్బా..." అని తండ్రికి సర్దిచెప్పబోయింది ఆరిఫా.

"డబ్బానే పెడ్తం. మీటలు నేను తిప్పుత. ఏంది బలరాం, నీ మాటేంది?"

బలరాం ఏమంటాడు పాపం! "మీ చెవి ఉండంగ మాకు మిషనెందుకు ఉస్తాద్," అన్నాడు. ఆరిఫా మూతి ముడుచుకుని లోపలికి పోయింది. నిజానికి సెన్సార్ మాట చెవిన పడగానే షుకూర్‌కు ఒక్కటే తోచింది. తనకు వినబడనిదంతా ఆ లాప్‌టాప్ కూతురికి చూపించేస్తుంది. పైకి కనబడిన కోపమంతా ఆ భయమే.

పందెం ఆదివారం. శుక్రవారం నమాజ్ అయ్యాక జూలూరుపాడు దాటి, అడవిలో గుట్ట ఎక్కే మట్టిరోడ్డు మీదికి జిప్సీని తీసుకుపోయారు. బలరాం నడుపుతున్నాడు. షుకూర్ పక్కన కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్యాణి వెనక ఉంది. చదునులో బండి బాగానే ఉరికింది. ఎగుడు మొదలవగానే షుకూర్ మీట ఇంకొంచెం తిప్పి, "తొక్కు" అన్నాడు. బండి ముందుకు దూకింది.

బలరాం ఒకసారి ఇటు చూశాడు. కాసేపటికి మళ్లీ చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకుని షుకూర్ తల ఊపాడు. అంతలో కళ్యాణి ముందుకు వంగింది.

"ఉస్తాద్, గా సప్పుడు గట్లనే రావాల్నా?"

ఏ చప్పుడు? షుకూర్ చెవులు రిక్కించాడు. ఇంజిన్ హోరు, టైర్ల కింద కంకర, అంతే. అరచెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టాడు. అదురులో తేడా ఏమీ తెలియలేదు.

"అవ్," అన్నాడు. "టర్బో బండికి గట్లనే ఉంటది."

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఆయనకు తెలియదు. బలరాం తేలిగ్గా ఊపిరి వదిలి, ఇంకా గట్టిగా తొక్కాడు. ముందు నిట్టనిలువు ఎగుడు, ఎడమ పక్కన లోతైన వాగు. ఇంజిన్ ఇక్కడ చేతులెత్తేస్తే బండి వెనక్కి జారుతుంది. ఇక్కడ బతికినా ఆదివారం పందెంలో జారుతుంది. అద్దంలో కళ్యాణి కనబడింది. ఆమె నమ్మలేదు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, తల ఓ పక్కకు వాల్చి ఇంకా వింటూనే ఉంది.

"ఆపు," అన్నాడు షుకూర్.

"ఇంకొంచెమే ఉస్తాద్, పైకి పోయినంక..."

"బండి ఆపు బలరాం! ఆపు!"

బండి ఆగింది. బలరాం హ్యాండ్‌బ్రేక్ లాగి, దిగి, చక్రాల వెనక రాళ్లు పెట్టాడు.

"నాకు ఆ సప్పుడు వినబడలే బిడ్డా," అన్నాడు షుకూర్, కళ్యాణి ముఖం చూడలేక. "గట్లనే ఉంటదని అబద్ధం చెప్పిన. అదెట్ల వచ్చిందో జర చూపియ్యి."

కళ్యాణి దిగి వచ్చి బానెట్ మీద గోటితో కొట్టి చూపించింది. ఆ చప్పుడూ ఆయనకు వినబడలేదు. వేలు మాత్రం కనబడింది. ఆ వేలి వేగం చూసి, లోపల మంట అదుపు తప్పిందని ఆయనకు అర్థమైంది. ఇంకాసేపు అలాగే తొక్కి ఉంటే పిస్టన్‌కు తూటు పడేది.

"నీకూ వినబడ్డదా బలరాం?"

"గుట్ట కింద్నుంచే."

"మరి చెప్పవేంది?"

"మీరు వింటున్నరు కద ఉస్తాద్," అన్నాడు బలరాం అమాయకంగా. "మీరు వింటుంటే ఎవలన్న మాట్లాడ్తరా?"

షుకూర్‌కు తల కొట్టేసినట్టయింది. మీట వెనక్కి తిప్పి, బండిని నెమ్మదిగా దించి, ఖమ్మం తిరిగొచ్చారు.

షెడ్డులో, డ్యూటీ నుంచి వచ్చిన ఆరిఫా ఎదురొచ్చింది. "మూడోదే పెట్టు," అన్నాడు షుకూర్. "రెండేండ్ల సంది నాకు సన్న సప్పుడు వినబడ్తలేదు."

ఆరిఫా అరుస్తుందనుకున్నాడు, ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆమె ఒక్కటే అడిగింది. "మరి ఈ రెండేండ్లల్ల మన షెడ్డు నుంచి పోయిన బండ్లు, అబ్బా?"

అప్పటిదాకా బలరాం బండి ఒక్కటే అనుకుంటున్నాడాయన. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బలరాం నీళ్లు తెచ్చిచ్చాడు. "ఈ ఆదివారం పందెం లేకుంటే ఏమాయె ఉస్తాద్," అన్నాడు. షుకూర్ నీళ్లు తాగలేదు. ఫోన్ తీశాడు. అందరికంటే ముందు గుర్తొచ్చింది జంపయ్య. కుసుమంచిలో బడిపిల్లలను తిప్పే వ్యాను అతనిది. పోయిన వేసవిలో దాని ఇంజిన్ సరిచేసింది తనే.

"జంపయ్యా, రేపు పొద్దుగాల పిల్లల్ని ఎక్కియ్యకు. బండి సీదా నా దగ్గరికి తీసుకరా."

అటు నుంచి జంపయ్య పెద్దగా నవ్వాడు. "ఎందుకు ఉస్తాద్? పిల్లలు నిండుగ ఎక్కితే జర టకటకమంటది గని, నేనేం పట్టించుకోలే. మీరు విని ఇచ్చిన బండి గద!"

షుకూర్ కళ్లు మూసుకున్నాడు.

"నేను వినలేదు జంపయ్యా," అన్నాడు. "అందుకే తీసుకరమ్మంటున్న."