కరెంటు పోయి వచ్చాక చేసిన బ్రేకు టెస్టు

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే టీకి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది.

పంజాగుట్టలో ఒక మేడ మీద మాది చిన్న ల్యాబు. నేనూ ఫరీద్ భాయ్ కలిసి అక్కడ ఒక టెస్టు బెంచి కట్టాం. ఎలక్ట్రిక్ ఆటో బ్రేకును నడిపే కంట్రోలర్‌ను బండికి బిగించకముందే, బండిలోనే ఉన్నట్టు నమ్మించడం దాని పని. చక్రం, మోటారు, దిగుడు రోడ్డు అన్నీ మా బోర్డే నటిస్తుంది. దాని చిప్‌లో ఆటో డిజైన్ ఎక్కిస్తే ఆటో, లిఫ్టు డిజైన్ ఎక్కిస్తే లిఫ్టు. ఒక్క బెంచితో అన్నీ లాగిస్తాం. గొప్పే మరి, చెప్పుకుంటాను. ఒక్కటే తంటా. కరెంటు పోతే చిప్ అన్నీ మరిచిపోతుంది, మళ్ళీ ల్యాప్‌టాప్ నుంచి ఎక్కించాలి.

మా మొదటి కస్టమర్ తను తయారుచేసిన కంట్రోలర్ పట్టుకొచ్చిన మధ్యాహ్నం కరెంటు పోయింది. తిరిగి రాగానే హడావుడిగా టెస్టు మొదలెట్టాం. నిండా జనంతో ఆటో ఫ్లైఓవర్ దిగుతున్నట్టు పెట్టాం. సగం దిగాక కంట్రోలర్ బ్రేకు వదిలేసింది. తెర మీద బ్రేకు పట్టు చూపే గీత ఠక్కున పడిపోయింది.

"మా మాల్ మంచిగనే ఉన్నది మేడం. మీ డబ్బానే ఖరాబ్," అన్నాడు కస్టమర్.

ఆ కంట్రోలర్లు మర్నాడే బండ్లకు ఎక్కాలి. నాకు ఒళ్ళు మండింది, కంట్రోలర్ విప్పి చూడమన్నాను. లెన్సు కింద చూస్తే ఒక టంకం సన్నగా పగిలి ఉంది. ఆయన అక్కడి నుంచే ఫోన్ చేసి మిగతావి బండ్లకు బిగించకుండా ఆపించాడు. చాలా కంట్రోలర్లలో అదే పగులు దొరికిందట.

ఆయన వెళ్ళాక మిఠాయి తెప్పిద్దామంటే ఫరీద్ భాయ్ బోర్డు వైపే చూస్తున్నాడు. చిప్‌లో డిజైన్ ఉంటే వెలగాల్సిన పచ్చ లైటు వెలగడం లేదు.

"అక్కా, కరెంట్ వచ్చినంక డిజైన్ మీరే ఎక్కించిన్రు కదా?"

"నేనెక్కడ భాయ్? నువ్వే ఎక్కించినవనుకున్న."

ల్యాప్‌టాప్ తగిలించి చూశాం. చిప్ ఖాళీ. డిజైన్ దాచుకునే చోటు ఆ బోర్డు మీద ఇంకెక్కడా లేదు. ఆయన వదిలి వెళ్ళిన అదే కంట్రోలర్‌తో, ఖాళీ చిప్‌తో మళ్ళీ మళ్ళీ నడిపాం. గీత కదల్లేదు. డిజైన్ ఎక్కించి నడిపితే ఇందాకటి గీతే వచ్చింది, ఇందాక పడ్డ చోటే పడింది. లైటు పాడై ఉంటుందన్నారు తెలిసినవాళ్ళు. లైటు బాగానే ఉంది.

ఆ కంట్రోలర్లు బాగుచేసి బిగించిన ఆటోలు ఇప్పుడు అమీర్‌పేట మెట్రో కింద తిరుగుతున్నాయి. నేనూ ఎక్కుతుంటాను. దిగుడులో బ్రేకు గట్టిగా పట్టినప్పుడల్లా, ఇది మా బెంచి చలవే అని ఛాతీ ఉప్పొంగుతుంది. అంతలోనే ఆ ఖాళీ చిప్ గుర్తొస్తుంది. ఎవరు చేసిన పనికి ఇంత గర్వపడుతున్నానో నాకు ఇప్పటికీ తెలియదు.