చిక్కవెంకటప్ప కట్టిన కుట్నా హోరా

ఒకప్పుడు గనిలో పని చేసి ఇప్పుడు ఆటో తోలుతున్న మా బామ్మర్ది చిక్కవెంకటప్ప సాధించిన ఘనకార్యాలు చాలా ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది, అతి కష్టం మీద సాధించినది, కోలారు బంగారు గనుల దగ్గరి మా చాంపియన్ రీఫ్స్ ఆటో స్టాండులో ఉన్న డ్రైవర్లందరి చేత 'కుట్నా హోరా' అని తప్పు లేకుండా పలికించడం. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ తిట్లు తిన్నాడు. తిని గెలిచాడు.

కుట్నా హోరా అనేది చెక్ దేశంలో ఒక చిన్న ఊరు. ఒకప్పుడు అక్కడ వెండి గనులుండేవి. చిక్కవెంకటప్ప అప్పటికి ఆ ఊరు చూసి ఎరగడు. విమానాన్ని కూడా కింద నిలబడి చూసినవాడే. అయినా ఏ మాట మొదలుపెట్టినా అది ఆ ఊరికి పోయి ఆగవలసిందే. మీరు వాన సంగతి ఎత్తితే ఆయన అక్కడి వాన చెబుతాడు.

నేను మాస్తి బడిలో ఏడో క్లాసు ఫస్టున పాసైనవాణ్ణి. స్టాండు పక్కనే టీ అంగడి పెట్టి, కలెక్టరాఫీసు వాళ్ళకు కూడా టీ పోసినవాణ్ణి. మనుషుల్ని చూడలేదని నన్నెవరూ అనలేరు. కానీ ఇలాంటి మనిషిని మాత్రం మా ఆవిడ వైపే చూశాను.

ఒకసారి మా స్టాండు ముందు మురికికాలువ పని ఎంతకీ తెమలడం లేదని శశికుమార్ అనే డ్రైవరు విసుక్కున్నాడు. చిక్కవెంకటప్ప అతన్ని జాలిగా చూశాడు.

"గనివాళ్ళ దేవత బార్బరమ్మ గుడిని పదమూడు నూర్ల ఎనభై ఎనిమిదిలో మొదులుపెట్టి, పంతొమ్మిది నూర్ల అయిదులో ముగించినారప్పా. ఐదు నూర్ల ఏండ్లు పట్టింది. నీకు కాలువ ఇప్పుడే కావల్లనా?"

అక్కడే ఉన్న కాంట్రాక్టరు ఆ మాట విని ఆయనకు మసాలా దోసె ఇప్పించాడు. కాలువ మరో ఏడాది పట్టింది.

మా ఊరి నీళ్ళ ట్యాంకుకు ఆయన 'రాతి బావి' అని పేరు పెట్టాడు. కుట్నా హోరాలో గనుల వల్ల ఊటనీళ్ళు చెడిపోతే, దూరం నుంచి నీళ్ళు తెచ్చి రాతితో చక్కని తొట్టి కట్టారట. మూతబడిన గని మీది ఇనుప గోపురం బార్బరమ్మ శిఖరమైంది. అక్కడ వెండి నాణేలు ముద్రించేవారు గనుక ఇక్కడి బ్యాంకు టంకశాల అయింది. ఆ బ్యాంకుకు కోలారు నుంచి బదిలీ మీద వచ్చిన నాగరత్న మేడం మొదట్లో కోపగించుకుంది. నెల తిరక్కుండానే ఫోనులో ఎవరికో "రాతి బావి దాటి, టంకశాలకు రండి" అని దారి చెబుతుంటే నా చెవులతో విన్నాను.

ఇక మా పెద్దమ్మాయి పెళ్ళి భోజనాల్లో, మగపెళ్ళివారి పంక్తిలో కూర్చుని, ఆ ఊళ్ళో ఎముకలతో కట్టిన దీపాలగుత్తి వర్ణించాడు. మనిషి ఒంట్లో ఎన్ని రకాల ఎముకలున్నాయో అన్నీ అందులో ఉన్నాయన్నాడు. ఆ రోజు మిగిలిన లడ్లు వీధి వీధంతా తిన్నది.

ఇన్ని చెప్పినా తేదీ మాత్రం తప్పేవాడు కాడు. అందుకే పోయిన ఏడాది నాకు దిగులు పట్టుకుంది. దొడ్డమునియప్ప ఇంటి ముందు ఆటో ఆపి, అందులో కూర్చున్నవాళ్ళతో, బార్బరమ్మ గుడి పద్నాలుగు నూర్ల ఎనభై ఎనిమిదిలో మొదలైందని ఆయన అరవడం విన్నాను.

దొడ్డమునియప్ప గురించి చెప్పాలి. ఆయన గనిలో వైండర్ నడిపినవాడు. మనుషుల్ని బోనులో భూమి లోపలికి దించి, పని అయ్యాక పైకి లాగే యంత్రం ఆయన చేతిలో ఉండేది. ఆ యంత్రం బాగుచేయడానికి వచ్చిన ఒక చెక్ ఇంజనీరు ఆయన ఇంట్లో రాగిముద్ద తిని, పోతూ పోతూ తన ఊరు కుట్నా హోరా బొమ్మల పుస్తకం ఇచ్చిపోయాడు. మా బామ్మర్దికి ఆ పిచ్చి అంటింది ఆ పుస్తకంతోనే. గని మూసేశాక మునియప్ప మాట తగ్గించాడు. పోయిన ఏడాది జారిపడి మంచమెక్కాడు. ఎముక అతికింది, మనిషే లేవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇట్లాగే ఉంటే కాళ్ళు పూర్తిగా పడిపోతాయని డాక్టరు అన్నట్టు కోడలు మాలా వచ్చి చెప్పి, టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆ పద్నాలుగు నూర్లకు జవాబు కిటికీలోంచి వచ్చింది.

"పదమూడు నూర్లురా, గాడిదా."

నెలల తరబడి ఆ ఇంట్లోంచి వినపడని గొంతు అది. నాకది పట్టలేదు. బామ్మర్దికి మతిమరుపు వచ్చిందనే నా గోల. మా ఆవిడ లక్ష్మీదేవమ్మ తమ్ముడికి రోజూ బాదంపప్పు నానబెట్టి పంపింది. ఆయన శుభ్రంగా తిని, ఇంకా పెద్ద తప్పులు చెప్పాడు. గుడి కట్టింది ఇంగ్లీషువాళ్ళన్నాడు. మునియప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు. దీపాలగుత్తిలోవి మేక ఎముకలన్నాడు. మునియప్ప గోడ పట్టుకుని కిటికీ దాకా వచ్చి తిట్టాడు.

ఒక రోజు నేనే ఆటో ఎక్కి నిలదీశాను.

"నా అంగడి కాడ సరిగ్గా చెప్తావు, ఈడికొస్తే తప్పు చెప్తావు. ఏమప్పా, బాదంపప్పు పని చేసేది లేదా?"

"మెల్లగా మాట్లాడు బావా, ఆయప్పకి వినపడతాది." ఆటో కొంచెం ముందుకు తోసి ఆపాడు. "గనిలో అన్నేండ్లు నన్ను దినామూ భూమిలోనించి పైకి లాగినోడు ఆయప్ప. ఇంగ ఆయప్పని మంచంలోనించి నేను లాగకుంటే ఎట్ల? నా కాడ తాడు లేదు, యంత్రం లేదు. తప్పులొకటే ఉండాయి."

నేను ఆటో దిగబోయాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"బాదంపప్పు మాత్రం ఆపొద్దని అక్కకు చెప్పు."

మర్నాడు ఆ ఇంటి ముందు నిలబడి, కుట్నా హోరా జర్మనీలో ఉందని వీధంతా వినపడేలా చెప్పాడు. తలుపు దఢాలున తెరుచుకుంది. దొడ్డమునియప్ప చేతికర్రతో మెట్లు దిగి, వీధి దాటి, ఆటో వెంటే రాతి బావి దాకా నడిచాడు. వాకిట్లో మాలా గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆటోను అంత నిదానంగా తోలడం మా బామ్మర్ది సాధించిన రెండో ఘనకార్యం.

ఈ ఫిబ్రవరిలో ఆ ఇంజనీరు మనవరాలు హానా, తాత పని చేసిన చోటు చూడాలని వచ్చింది. మా నీళ్ళ ట్యాంకు తన ఊరి రాతి బావి అయిందని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. మునియప్ప ఇంట్లో రాగిముద్ద తిన్నది. ఊరికి పోయాక మునియప్పకూ మా బామ్మర్దికీ విమానం టికెట్లు పంపింది.

మునియప్ప రానన్నాడు. అందర్నీ పైకీ కిందికీ పంపినవాణ్ణే గాని, తాను యాడికీ పోయినవాణ్ణి కాదన్నాడు. మాలా చెప్పింది, స్టాండంతా వెళ్ళి చెప్పింది. కదల్లేదు. చివరికి చిక్కవెంకటప్ప లేచి నిలబడ్డాడు.

"సరే మునియప్పన్నా. నేనొక్కణ్ణే పోయి చూసొస్తాను. వచ్చి నీకు అంతా వివరంగా చెప్తాను."

మునియప్ప ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"నువ్వా చెప్పేది?" అని లోపలికి తిరిగాడు. "మాలా, నా స్వెటరు యాడుండాది?"

నిన్న వీడియో ఫోను వచ్చింది. వెనకాల నిజం బార్బరమ్మ గుడి. ముందు చిక్కవెంకటప్ప. చుట్టూ చేరిన తెల్లవాళ్ళకు, హానాను పక్కన పెట్టుకుని, చాంపియన్ రీఫ్స్ చరిత్ర చెబుతున్నాడు. గుడి బాగానే ఉంది గాని మా ఇనుప గోపురం ముందు దిగదుడుపేనట. మా టీ అంగడిని కూడా చూడవలసిన చోట్లలో చేర్చాడు. అది న్యాయమే. ఆ గోపురం ఏ ఏడాది కట్టారో కూడా చెప్పాడు, తప్పు చెప్పాడు. పక్కనుంచి ఒక చేతికర్ర ఫోనుకు అడ్డం వచ్చింది.

ఇప్పుడు స్టాండులో మేమందరం ఒక కట్టుబాటు చేసుకున్నాం. మునియప్పతో ఎవరూ ఏదీ సరిగ్గా చెప్పకూడదు. అందుకే ఫోను పెట్టేసే ముందు నేను, "అట్లయితే మీరొచ్చేది జూన్ ఇరవై తొమ్మిది గదా, సోమవారం?" అన్నాను.

కుట్నా హోరా నుంచి మా అంగడి రేకులు అదిరేలా జవాబొచ్చింది.

"ఇరవై ఎనిమిదిరా ఆదినారాయణా, ఆదివారం."