దాలమ్మత్త చుట్ట జారిన రికార్డు

మా చిన్నప్పుడు... అంటూ మొదలుపెట్టి దేవప్రసాద్ మొన్న మన రాయగడ గుంపులో ఒక పోస్టు పెట్టాడు. గోడ మీద అద్దాల చట్రంలో ఒక నల్లటి రికార్డు. పక్కన చేతులు కట్టుకుని తను. "ఇది నాన్నగారి అభిరుచి. రాయగడలో రాక్ సంగీతం మొదట మోగింది మా ఇంట్లోనే" అని రాశాడు. మీరందరూ దండాల బొమ్మలు పెట్టారు.

ఆ చిన్నప్పుడు మాది. ఆ రికార్డూ మాదే.

రైల్వే కాలనీలో మా ముందుగది... ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, అక్క కిటికీ కింద ఆ పెట్టె ప్లేయరు తెరిచేది. అక్క పేరు సువార్త. అంతకుముందు కొరాపుట్ వైపు ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. అక్కడి తెల్ల నర్సమ్మ తన దేశం వెళ్ళిపోతూ ఆ ప్లేయరునీ, ఒకే ఒక్క రికార్డునీ అక్క చేతిలో పెట్టింది. దాని పేరు రాయను. రాస్తే దేవప్రసాద్ గోడకే ప్రచారం.

బ్లూస్, కంట్రీ, నల్లవాళ్ళ చర్చి పాటలు కలిపి వండిన రాక్ అని నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. అప్పుడు మాకు తెలిసింది ఇంతే... ఎవడో గొంతు చించుకుంటున్నాడు. గిటార్లు గూడ్సు బండి లింకుల్లా కొట్టుకుంటున్నాయి. అంతలో వెనక నుంచి ఆడవాళ్ళ గుంపు, అచ్చం మా చర్చిలో లాగే, ఒక్కసారిగా గొంతెత్తుతుంది. అక్కడికి వచ్చేసరికి అక్క కళ్ళు మూసుకునేది.

మా మేనత్త దాలమ్మకి మాత్రం ధ్యాసంతా ఆ పాడేవాడి మీదే. అత్త శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళ పద్ధతిలో, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ. అలాగే మాట్లాడేది, అలాగే తిట్టేది. ఒక్క మాటా తిన్నగా బయటికి వచ్చేది కాదు. ఒకరోజు రికార్డు మీదికి వంగి, చెవి ఒగ్గి వింది.

"ఓలమ్మో! ఈడూ అడ్డపొగేసుకునే పాడతన్నాడే!"

అని పకపకా నవ్వింది. నవ్విన నోట్లోంచి చుట్ట జారి, తిరుగుతున్న రికార్డు మీద నిప్పు కొసతో పడింది.

"అత్తా! ఏటి సేసేవే!" అక్కకు ఏడుపొక్కటే తక్కువ.

"ఊరుకోయే అమ్మీ. ఆడి నోట్లోదే జారిందనుకో."

కందిగింజంత గుంట పడింది. అప్పటినుంచి ఆ ఆడవాళ్ళు గొంతెత్తే చోట సూది ఎగిరి, కొంత పాట వదిలేసి అవతల పడేది. మా చెవులకు అదే అలవాటైపోయింది... పాటంటే ఎగురుడుతో సహా పాటే.

అక్క చర్చిలో పాటల బెంచీ మీద పాడేది. మన కీర్తన ఒకటి ఆ వరసలో కూర్చి అందరికీ నేర్పింది. మూడో చరణంలో కొంత వరస వదిలేసి అవతల అందుకునే ఆ ఎగురుడు కూడా నేర్పింది. సంఘపెద్ద, అంటే దేవప్రసాద్ తండ్రి, మురిసిపోయాడు. "ఏటి వరసే అమ్మీ! ఆ కాడ పేణం ఎగిరి గంతేసింది గదే!" అన్నాడు.

దేవప్రసాద్ ప్రతి ఆదివారం మా ఇంట్లో అత్త వేసిన చేగోడీలు నములుతూ ఆ రికార్డు విన్నవాడే. ఆ కీర్తనలో తనను ఒంటరిగా పాడనివ్వలేదని అక్క మీద ఉక్రోషం పెట్టుకున్నాడు. వెళ్ళి తండ్రి చెవిలో ఊదాడు... ఆ వరస తెల్లవాళ్ళ తాగుడు పాటలోదని.

సాయంత్రానికి సంఘపెద్ద మా గుమ్మంలో ఉన్నాడు.

"దెయ్యం పాట తెచ్చి దేవుడింట్లో పెడతావేటే? ఇలాగియ్యి, తగలెట్టేత్తాను. నువ్వింక ఆ బెంచీ ఎక్కకు."

నాన్న తల దించుకున్నాడు. ఆఫీసులో ఆయన కిందే పని. అత్త ఒక్కర్తే చుట్ట నోట్లోంచి తీసి చాపింది.

"నిప్పు నానే ఇత్తాను బావూ. ఇక్కడే కాల్చు. మేమూ సూత్తాం."

ఆయన కాల్చలేదు. చంకలో పెట్టుకుపోయాడు. కాల్చేశానని తర్వాత ఊరంతా చెప్పాడు. అక్క నమ్మింది. ఆపైన చర్చిలో నోరు తెరవలేదు.

ఆ బూడిదే ఇప్పుడు దేవప్రసాద్ గోడ మీద మెరుస్తోంది! ఫోటో పెద్దది చేసి చూశాను. గుంట ఉంది. దానికీ ఒక కథ కట్టాడు మహానుభావుడు... "కలకత్తాలో ఓ విందులో నాన్నగారి పైపు నిప్పు పడిన గుర్తు" అట. పైపా? బీడీ వాసన తగిలితే మనిషిని చర్చి గడప తొక్కనివ్వని వాడికి పైపా? అలాంటి తండ్రులు నవలల్లో ఉంటారు. నేనూ చదివాను. నవల్లోంచి తండ్రిని అరువు తెచ్చుకునేటప్పుడు, కాస్త మంచివాణ్ణి చూసుకోవలసింది.

తమాషా ఏమిటంటే, ఆ కీర్తనను ఆపడం మాత్రం సంఘపెద్ద వల్ల కాలేదు. జనానికి నోటికెక్కేసింది. ఇప్పుడు కీబోర్డులు, డ్రమ్ములు వచ్చాయి. అయినా మూడో చరణంలో చర్చి చర్చంతా ఎగురుతుంది. కుర్రకారు అది పూర్వుల పద్ధతి అనుకుంటున్నారు. దేవప్రసాదూ మైకు పట్టుకుని ఎగురుతాడు. ఎందుకు ఎగురుతున్నాడో వాడికి తెలుసు.

అక్క మునిగుడలో కూతురి దగ్గర ఉంది. చెవులు మూసుకుపోతున్నాయి. మనవరాలు ఆ పాటే ఫోన్లో వెతికి, చెవి దగ్గర పెట్టి వినిపించింది. ఎక్కడా తడబడకుండా, నున్నగా సాగింది. అక్క చివరిదాకా విని ఫోను పక్కన పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఇది మనది కాదురా. ఇక్కడ ఎగరాల గదా... అత్త నవ్వనేదు ఇందల."

దేవప్రసాద్, అందుకే రాస్తున్నాను. చట్రం విప్పు. రికార్డు మునిగుడ పట్టుకురా. ప్లేయరు బాగు చేయించి ఉంచాను. అక్కకు ఆ కాస్త వినికిడి ఉండగానే రా. క్షమాపణ వద్దు. నీ మొహం అంతకన్నా వద్దు. గుమ్మంలో పెట్టి పో.

అప్పట్లో ఒకరింటి వస్తువు పట్టుకుపోయినవాళ్ళు కనీసం అటక మీద దాచుకునేవారు... ఇప్పుడు గోడకు కొట్టి ఫోటో తీసి మనకే చూపిస్తున్నారు. మీ ఇళ్ళలోంచి పోయినవి ఎవరి గోడల మీద వేలాడుతున్నాయో మీరూ చూసుకోండి. చూసి, కింద రాయండి.

పేర్లతో సహా.